పాటలోని ముద్ర

ఎల్బీ నగరు, దిల్‌సుఖ్‌నగరు ప్రాంతములందలి కాలనీలలో పెండ్లిండ్ల కాలము వచ్చినదనగా సాయంకాలములన్నియు పాటలతో నిండిపోవును. వరుడు కూర్చుండిన బండికి ముందు ఒక చిన్న లారీ మెల్లమెల్లగా సాగుచుండును. దానిపై మనిషి యెత్తున పేర్చిన నల్లని స్పీకరు పెట్టెలు. వాని నడుమ, కంప్యూటరు ముందు నిలువబడి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొన్న యువకుడు. జనులు అతనిని డీజే అందురు. డిస్క్ జాకీ అను మాటకు అవి పొడి అక్షరములు. రికార్డులు తిప్పువాడని భావము. అతడు వినిపించుచున్నది పల్లెపాట, నాట్లు వేయు స్త్రీలు పాడుకొనునట్టిది. కాని దాని వెనుక తీన్‌మారు డప్పు మ్రోగుచుండును. డప్పు వెనుక, గుండెపై ఎవరో పిడికిటితో పొడిచినట్లు, యంత్రపు దరువు పడుచుండును. ఇండ్ల కిటికీల అద్దములు కంపించును. వరుని మేనమామలు మొదలుకొని చిన్నపిల్లల వరకు అందరును ఆడుదురు.

పాట మంచి పట్టులో నున్నపుడు హఠాత్తుగా నొక కంఠము అడ్డుపడును. అది పాటలోని మాట కాదు. ఫలానా డీజే, ఫలానా బస్తీ అని చెప్పి మాయమగును. ఒక నిమిషమైన పిదప మరల వచ్చును. ఆ పాట ఏ ఊరి పెండ్లిలో మ్రోగినను, ఎవరి ఫోనులో మ్రోగినను ఆ పేరు దానిని విడువదు. ఏలయన, అది పాటతో కలిపి అతుకబడి యున్నది.

తెలుగు సాహిత్యముతో పరిచయము గలవారికి ఇది వింతగా తోచదు. క్షేత్రయ్య పదములలో మువ్వగోపాలుని పేరు వచ్చును. త్యాగరాజు కీర్తనలందు చివరి చరణములో ఆయన పేరే వచ్చును. దీనిని సంగీతజ్ఞులు ముద్ర యందురు. అచ్చుపుస్తకములు లేని కాలమున పాట నోటినుండి నోటికి పోవుచుండగా కర్త పేరు జారిపోకుండుటకు ఇది చక్కని యుపాయము. పేరు తొలగించినచో చరణము కుంటుపడును. డీజే కంఠమును అట్టి ముద్రయే. కొందరు పెద్దలు దీనిని గర్వమని విసుగుకొందురు గాని, తాను చేసిన పనిపై తన పేరుండవలెనని కోరుట తప్పు కాదు.

అయితే ఒక ప్రశ్న మిగిలియున్నది. డీజే పేరు వినబడినది, అతని బస్తీ పేరు వినబడినది. పాడిన స్త్రీ పేరేది? డప్పు కొట్టినవాని పేరేది?

ఆ పాటలోని ఒక్కొక్క పొరను విప్పి చూచినచో ఈ ప్రశ్న యెంత పెద్దదో తెలియును. మొదటిది డప్పు. గుండ్రని కొయ్య చట్రమునకు మేకతోలు బిగించి, మంటకు కాచి, రెండు పుల్లలతో వాయించు వాద్యమిది. ఒక చేతిలో లావుపాటి చిర్ర, రెండవ చేతిలో సన్నని చిటికెనపుల్ల యుండును. కాచుటలో మెలకువ తెలియనివాడు ఎంత బలముగా కొట్టినను నాదము పలుకదు. రెండవది తీన్‌మారు. మూడు దెబ్బలని దీనికి అర్థము. హైదరాబాదు వీథులలో ఈ దరువు మర్ఫా వాద్యముతో పెనవేసికొని పెరిగినది. నిజాముల కాలమున తూర్పు ఆఫ్రికానుండియు, అరేబియా దక్షిణ తీరమందలి హద్రమౌత్ నుండియు సైనికులుగా వచ్చినవారు ఆ వాద్యమును ఈ నగరమునకు తెచ్చిరి. ఎల్బీ నగరునుండి వలయ రహదారి వెంట చాంద్రాయణగుట్ట వైపు పోయినచో బార్కస్ అను పేట వచ్చును. అరబ్బు సైనికుల బ్యారకులున్న చోటగుటచే దాని కాపేరు వచ్చినది. ఇంగ్లీషు మాట అరబ్బుల నోట పడి, హైదరాబాదు పేట పేరై నిలిచినది. మాటలకును రీమిక్సు కలదన్నమాట!

మూడవది యంత్రపు దరువు. 1980లో జపాను దేశమందలి రోలాండ్ సంస్థ టీఆర్-808 అను పెట్టెను విడుదల చేసెను. అందులో తోలు లేదు, పుల్ల లేదు. విద్యుత్తు ప్రవాహములచే మద్దెల, తాళముల ధ్వనులను పోలిన ధ్వనులు పుట్టించునది. మీటలు నొక్కి ఒక్కమారు వరుస కూర్చిపెట్టినచో అలసట లేక వాయించుచుండును. ఈ పెట్టెను భారతీయ సంగీతమునకు ముందుగా వాడినవారిలో బొంబాయి సినిమా వాద్యగాడు చరణ్‌జీత్ సింగ్ ఒకడు. 1982లో ఆయన భైరవి, యమన్, మాల్కౌన్స్ మొదలగు పది రాగములను యంత్రపు దరువుపై వాయించి యొక రికార్డు వెలువరించెను. అది అమ్ముడుపోలేదు. జనులు మరచిరి. పాత రికార్డులను వెదకుచు తిరుగు ఎడో బౌమన్ అను డచ్చి దేశస్థుని చేతికి అది యెన్నియో యేండ్లకు చిక్కినది. 2010లో మరల అచ్చయినది. పశ్చిమదేశముల యువకులు తాము క్రొత్తగా కనుగొంటిమనుకొన్న ధ్వనులు అందులో ముందే యుండుట చూచి ఆశ్చర్యపడిరి. ఆయన వృద్ధాప్యమున ఐరోపాకు పోయి వాయించి, 2015లో మరణించెను. రికార్డు చుట్టిన కాగితముపై ఆయన పేరు అచ్చయి యుండుటచేతనే గదా, వెదకినవారికి మనిషి దొరకినాడు!

ఇక రీమిక్సు చేయు విధానము. పాట యొకటి నిమిషమునకు 96 దెబ్బల వేగముతో నడచుచున్నదనుకొందము. యంత్రపు దరువు 120 దెబ్బలది. రెండును కలియవలెనన్నచో పాటను నాలుగవ వంతు త్వరపెట్టవలెను. పూర్వము రికార్డును వేగముగా తిప్పుటకన్న వేరు మార్గము లేదు. కాని వేగము హెచ్చినచో శ్రుతియు హెచ్చును. నాలుగవ వంతు వేగము పెంచినచో షడ్జమము పోయి అంతర గాంధారము పలుకును. పెద్ద ముత్తయిదువ గొంతు పసిపిల్ల గొంతగును. బ్యాటరీ సన్నగిల్లిన టేపురికార్డరులో పాట సాగి, గొంతు బొంగురుపోవుట మీ తాతలు వినియేయుందురు. అది దీనికి విపర్యయము. కంప్యూటరు ఈ ముడిని విప్పినది. శ్రుతి చెడకుండ వేగమును, వేగము చెడకుండ శ్రుతిని మార్చవచ్చును. ఇటీవల మరియొక విద్య వచ్చినది. కలిసియున్న పాటనుండి గొంతును వేరుగా, మద్దెలను వేరుగా కంప్యూటరు చీల్చగలదు. 2019లో డీజర్ అను ఫ్రెంచి సంస్థ ఇట్టి ఉపకరణము నొకదానిని అందరికి ఉచితముగా నిచ్చెను. హంస పాలను నీటిని వేరుచేయునని కవులు చెప్పుదురు గదా! ఈ హంస ఇంకను కొంచెము నీరు త్రాగుచునే యున్నది. వేరుచేసిన గొంతులో మద్దెల ఛాయ అక్కడక్కడ వినబడును.

ఒక పాటకు క్రొత్త దరువు తొడిగినచో రీమిక్సు. ఒక పాట గొంతును వేరొక పాట వాద్యముపై కూర్చుండబెట్టినచో మ్యాషప్పు. అమెరికా దేశమందు డేంజర్ మౌస్ అను మారుపేరు గల సంగీతకారుడు 2004లో జే-జీ అను గాయకుని నల్ల ఆల్బమునందలి గొంతును, బీటిల్సు వారి తెల్ల ఆల్బమునందలి వాద్యములను కలిపి బూడిదరంగు ఆల్బమని పేరు పెట్టెను. బీటిల్సు రికార్డులపై హక్కుగల ఈఎంఐ కంపెనీ పంచవలదని తాకీదు పంపినది. ఆ తాకీదుతోనే దానికి మరింత పేరు వచ్చినది.

మన పింగళి సూరన రాఘవపాండవీయమును ఇచ్చట స్మరింపకుండుట యెట్లు? ఒకే పద్యము ఒకవైపున రామకథ, మరియొకవైపున భారతకథ చెప్పును. కాని భేద మొకటి కలదు. సూరన ప్రతి పదమును తానే కూర్చెను. మ్యాషప్పు చేయువాడు పరుల సొమ్ములను ప్రక్కప్రక్కన పేర్చును. అతని నేర్పంతయు ఏది దేనితో పొసగునో కనిపెట్టుటలో నున్నది. అది చిన్న నేర్పు కాదు, సూరన నేర్పును కాదు.

పాటలు ఒకచోటనుండి మరియొకచోటికి పోవు దారులలో ఎల్బీ నగరు చౌరస్తా యొకటి. విజయవాడ, సూర్యాపేట, నల్లగొండ పోవు బస్సులు అటనుండి సాగును. నాగార్జునసాగరు దారియు అక్కడనే చీలును. చదువులకై, ఉద్యోగ పరీక్షల శిక్షణకై పల్లెలనుండి వచ్చు యువతీయువకులు దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి, గడ్డిఅన్నారములందలి హాస్టళ్లలో చేరుదురు. పెట్టెలో పచ్చడి జాడీతో కూడ తమ ఊరి పాటయు వచ్చును. ఒకప్పుడు పాటలు క్యాసెట్టులలో తిరిగినవి. కాగితముపై వరుస వ్రాసియిచ్చినచో దుకాణదారుడు ఖాళీ క్యాసెట్టుపై ఆ పాటలు ఎక్కించి యిచ్చెడివాడు. తరువాత గోటియంత మెమొరీ కార్డు వచ్చినది. సెల్‌ఫోను దుకాణములో కొద్దిపాటి సొమ్మునకు వందలకొలది పాటలు నింపెడివారు. ఇప్పుడు దుకాణముతో పని లేదు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేటనుండి ఎల్బీ నగరునకు మెట్రో రైలు వచ్చినది. మలక్‌పేటలో ఒకనికి దొరకిన క్రొత్త రీమిక్సు, రైలు దిల్‌సుఖ్‌నగరు చేరులోపల పదిమంది స్నేహితుల ఫోనులకు చేరును.

ఈ ప్రయాణములో మొదట జారిపోవునది పేరే. క్యాసెట్టు అట్టపై గాయకుల పేర్లుండెడివి. కార్డులోనికి ఎక్కునపుడు అట్ట పోయినది. చేతులు మారిన కొలదిని ఫైలు పేరు కత్తిరింపబడి, తుదకు కొన్ని అంకెలు మాత్రము మిగులును.

కొందరు కావలెననియే పేర్లు దాచిరి. కరీబియను సముద్రమందలి జమైకా ద్వీపమున 1950 ప్రాంతములలో పెద్ద పెద్ద స్పీకరు పెట్టెలతో వీథి నాట్యములు జరుపువారుండిరి. మన బరాతు లారీలకు వారు పెద్దన్నల వంటివారు. వారిలో కాక్సన్ డాడ్ అనువాడు అమెరికానుండి తెచ్చిన యొక రికార్డుపైని పేరు గీకివేసి, దానికి తన పేరే పెట్టుకొనెను. ప్రతిద్వంద్వి యగు డ్యూక్ రీడ్ ఎంతో కాలము వెదకి, ఆ రికార్డును కనుగొని, డాడ్ ఎదుటనే మ్రోగించెననియు, డాడ్ మూర్ఛపోవునంత పనియైనదనియు చెప్పుదురు. జమైకాలో పుట్టి న్యూయార్కు చేరిన డీజే కూల్ హెర్క్ అను యువకుడును రికార్డుల కాగితములను నీట నానబెట్టి ఊడదీసెడివాడు. 1973 ఆగస్టు 11వ తేదీన అతని చెల్లెలు బడి తెరచులోపల క్రొత్త బట్టలు కొనుక్కొనుటకై రుసుము పెట్టి విందు జరుపగా, అందు హెర్క్ రికార్డులు వాయించెను. రెండు తిరుగుపళ్లెములపై ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టి, మద్దెల మాత్రమే మ్రోగు చిన్న భాగమును మరల మరల త్రిప్పి సాగదీయుట అతని విద్య. హిప్‌హాప్ సంగీతము పుట్టిన దినమని ఆ తేదీని నేడు పండుగ చేసికొనుచున్నారు.

మద్దెల భాగము సాగదీయుట వినోదమే. కాని ఆ మద్దెల వాయించినవాని సంగతి వినుడు. 1969లో విన్‌స్టన్స్ అను అమెరికను బృందము ‘ఆమెన్, బ్రదర్’ అను రికార్డు చేసినది. నడుమ వాద్యములన్నియు ఆగి, గ్రెగరీ కోల్మన్ అను మద్దెలగాడు సుమారు 7 సెకనుల సేపు ఒంటరిగా వాయించెను. అంతే. ఆ 7 సెకనులను తరువాతివారు కత్తిరించి వేలకొలది పాటలలో వాడుకొనిరి. ఇంగ్లండులో దానిని వేగపరచి ఒక నూతన సంగీత శాఖనే నిలిపిరి. కోల్మన్‌కు ఒక్క కాసు ముట్టలేదు. అతడు 2006లో ఇల్లు వాకిలి లేక, దారిద్ర్యములో చనిపోయెను. 2015లో ఇంగ్లండు డీజే యొకడు చందాలు ప్రోగుచేసి సుమారు 24,000 పౌనులు ఆ బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సరునకు పంపెను. మద్దెల వాయించిన చేతులకు మాత్రము అది అందలేదు.

మన దేశమునను ఇట్టి తగవులు లేకపోలేదు. 2021లో విడుదలైన ‘లవ్ స్టోరీ’ చిత్రమునకు సుద్దాల అశోక్ తేజ ఒక జానపద గేయపు పల్లవిని గ్రహించి పాట వ్రాసెను. మంగ్లీ పాడగా అది ‘సారంగ దరియా’ పేరున ఇంటింట మ్రోగినది. ఆ గేయమును టెలివిజనులో ముందు పాడియున్న కోమలి అను జానపద గాయని, దానిని వెలుగులోనికి తెచ్చిన తనకు గుర్తింపు లేదా యని యడిగెను. కొన్నాళ్లు వాదము నడచినది. పిమ్మట చిత్రదర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపునిచ్చుటకు సమ్మతించెను. ఆ యేడే మంచిర్యాల జిల్లాలో ఒక వధువు ‘బుల్లెట్టు బండి’ పాటకు ఆడిన దృశ్యము దేశమంతయు ప్రాకినది. పాడినది మోహన భోగరాజు, వ్రాసినది లక్ష్మణ్, స్వరము కూర్చినది ఎస్.కె. బాజి. వధువు ఆటను చూచినవారిలో లక్ష్మణ్ పేరు తెలిసినవారు ఎందరుందురు?

1957 నాటి కాపీరైటు చట్టమందలి 57వ విభాగము, హక్కులన్నియు అమ్ముకొన్న పిదపను ఇది నా రచనయని చెప్పుకొను అధికారమును కర్తకు మిగిల్చినది. ఒకరి రికార్డునందలి ధ్వనిని తీసికొని రీమిక్సు చేసి వెలువరింపదలచినవారు ఆ రికార్డు హక్కుదారుని యనుమతి పొందవలెను. అయితే చట్టమునకు కర్త కావలెను. తరతరముల నోళ్లలో నలిగిన పల్లెపాటకు కర్త యెవరని చూపుదురు? పదుమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు మున్నగు వానిని పేర్కొనెను. పదముల జాతులు తెలిసినవి. పాడిన స్త్రీల పేర్లు ఒక్కటియు తెలియవు.

పేరు కనుగొను యంత్రమేదియు లేదా? కలదు. 2002లో ఇంగ్లండులో షజామ్ అను ఏర్పాటు మొదలైనది. 2580 అంకెలు నొక్కి, మ్రోగుచున్న పాటవైపు ఫోనును కాసేపు పట్టినచో, ఆ పాట పేరు సందేశముగా వచ్చెడిది. నేడు ఫోనులోనే ఆ పని జరుగును. పాటలోని బలమైన ధ్వనుల చుక్కలను వేలిముద్రవలె గుర్తించి, తన పట్టికలోని ముద్రలతో పోల్చి చెప్పును. కాని పట్టికలో లేనిది అది చెప్పలేదు. నాట్లలో పాడిన అవ్వ గొంతు ఆ పట్టిక కెక్కలేదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు బిరుదురాజు రామరాజు పల్లెపాటలు సేకరించి, 1958లో ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ అను గ్రంథము వెలువరించెను. నేటి బాలబాలికల చేతిలోని ఫోను, పాటను గొంతుతో సహా పట్టి యుంచగలదు.

మరల పెండ్లి వీథికి వత్తము. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనల ననుసరించి రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటల వరకు ఆరుబయట లౌడుస్పీకరు మ్రోగరాదు. ఇండ్లున్న చోట్ల పగలు 55, రాత్రి 45 డెసిబెలుల వరకే ధ్వనికి పరిమితి. బరాతు లారీ ముందు నిలిచినవారికి ఆ యంకెలు నవ్వు పుట్టించును గాని, ప్రక్కయింట మంచముపై నున్న రోగికి పుట్టింపవు. 2024 అక్టోబరులో హైదరాబాదు నగర పోలీసు కమిషనరు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించుచు ఉత్తరువు వెలువరించెను. పెండ్లి వీథిలోను పది కొట్టిన పిదప పెట్టెలు ఆపక తప్పదు. డీజే తీగలు చుట్టుకొనును. చెవులలో కొంతసేపు హోరు మిగులును.

అప్పుడు పందిరిలోపలినుండి వేరొక పాట వినబడును. వధువును అప్పగించు వేళ నలుగురు వృద్ధస్త్రీలు గొంతు కలిపి పాడుచుందురు. మైకు లేదు, దరువు లేదు. గుంపులోని యొక బాలిక వారివద్ద కూర్చుండి ఫోనును పట్టుకొని యుండును. పాట ముగిసిన పిదప ఆమె, ‘అమ్మమ్మా, ఈ పాట నీకు ఎవరు నేర్పిరి? ఏ ఊరిలో?’ అని యడుగును. ఇంతవరకు తన్నెవ్వరును ఆ ప్రశ్న అడిగియుండనందున అవ్వ కొంచెము సిగ్గుపడును. పిమ్మట తన మేనత్త పేరును, ఊరి పేరును చెప్పును. బాలిక మొదట అవ్వ పేరు, దాని క్రింద ఆ మేనత్త పేరు, ఊరు, తేదీ వ్రాసి, పాటతో కలిపి భద్రపరచును.